నీటితో చల్లార్చు కంప్యూటరునకు వేడి యేల? – నిదానము, చికిత్స

నేటి ప్రసంగ విషయము మన పల్లెలకు కొంత క్రొత్తదిగా తోచవచ్చును. కంప్యూటరునందు లెక్కలన్నియు చేయు ముఖ్యాంగమును ప్రాసెసరు అందురు. అది బొటనవ్రేలి గోరంత సిలికాను పలుకు. దానిని చేసినవారు దానికొక వేగమును విధించి పంపుదురు. ఆ వేగమును మీఱి పరుగెత్తించుటకు ఓవర్‌క్లాకింగు అని పేరు. అట్లు పరుగెత్తినప్పుడు పుట్టు అధికమగు వేడిని తొలగించుటకై కొందఱు దానిపై నీటిని త్రిప్పుచుందురు. నీరు తిరుగుచున్నను యంత్రము ఉడుకెత్తి, పని నడుమ ఆగిపోవుచున్నచో, దోషమెక్కడ నున్నదో కనుగొనుట యెట్లు? ఇదియే నేడు మనము విచారింపవలసినది.

ఇది ముసలివారికేల యందురా? చెప్పెదను. నారాయణఖేడు వంటి పట్టణములందును, చుట్టుపట్ల గ్రామములందును పెండ్లి వీడియోలు కూర్చువారు, ఇండ్ల నమూనాలు గీయువారు, ఇంజనీరింగు చదువు పిల్లలు ఇట్టి యంత్రములను కొనగోరుదురు. కందులో, పత్తియో అమ్మిన సొమ్ములో కొంత తీసి వారి చేతికిచ్చువారు పెద్దలే. కొన్ని మాసములు గడచిన పిదప, “తాతా! ప్రాసెసరు పోయినదట, క్రొత్తది కొనవలెనట” అని మనుమడు వచ్చి యెదుట నిలుచును. పోయినది నిజముగా ప్రాసెసరా, లేక కొద్ది వందల రూపాయలతో తీఱు చిన్న లోపమా? ఈ ప్రశ్న వేయగల పెద్ద ఇంట నున్నచో ఒక పంట సొమ్ము మిగులవచ్చును. వేయుటకు యంత్రవిద్య యక్కఱలేదు. క్రమముగా విచారించు బుద్ధి చాలును.

మొదట వేడి యేల పుట్టునో తెలిసికొందము. ప్రాసెసరునందు ట్రాన్సిస్టరులను అతి సూక్ష్మములగు మీటలు కలవు. 1971వ సంవత్సరమున ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అను ప్రాసెసరునందు అవి రమారమి 2,300 మాత్రమే. నేటి ప్రాసెసరులందు వందల కోట్లు కలవు. ప్రతి మీటయు తెఱచుకొని మూసికొనునప్పుడెల్ల కొంత విద్యుత్తు వేడిగా మాఱును. వేగము పెంచినచో ఆ వేడియు అదే పాలున పెరుగును. వేగము నిలుకడగా నుండుటకు వోల్టేజిని కూడ పెంచవలసి వచ్చును. ఇక్కడనే చిక్కు. వోల్టేజి పెరిగిన వేడి దాని వర్గము చొప్పున పెరుగును. అనగా రెండింతలైన వోల్టేజికి వేడి నాలుగింతలగును.

ఒక లెక్క వేసి చూతము. 4 గిగాహెర్ట్జుల వేగమున, 1.2 వోల్టులపై 100 వాట్ల వేడి పుట్టించు ప్రాసెసరు కలదనుకొనుడు. దానిని 4.6 గిగాహెర్ట్జులకు, 1.35 వోల్టులకు పెంచితిమి. వేగమున పెరిగినది నూటికి 15 పాళ్లు. వోల్టేజి పెరుగుదల నూటికి పండ్రెండున్నర యైనను, దాని వర్గమున నూటికి దాదాపు 27 పాళ్ల వేడి పెరుగును. రెండును హెచ్చవేయగా వేడి 145 వాట్లు దాటును. పనిలో లాభము నూటికి పదునైదుకు మించదు. వేడియో, నూటికి నలువదియైదు. మధ్యాహ్నపుటెండలో ఎడ్లను ములుకోలతో పొడిచి దున్నించిన రైతునకు ఈ లెక్క వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఈ చిక్కు మన యిండ్లకు మాత్రమే వచ్చినది కాదు. 1980లో ఐ.బి.యమ్. సంస్థ వెలువరించిన 3081 అను మహాయంత్రమునకు నీటి చల్లదనమే యాధారము. 2004లో ఇంటెల్ సంస్థ 4 గిగాహెర్ట్జుల పెంటియమ్ 4ను తెచ్చెదనని చెప్పి, విరమించుకొన్నది. వేగమును పెంచుచు పోయిన వేడి తీర్చుట దుర్ఘటమయ్యెను గనుక, పరిశ్రమ యంతయు ఒకే ప్రాసెసరునందు పెక్కు గణనాంగముల నుంచు త్రోవ పట్టినది. తెలుగు దేశమునకును ఈ విద్యలో పూర్వచరిత్ర కలదు. 1967లో హైదరాబాదున నెలకొనిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలయించెను. మన సంగారెడ్డి జిల్లాలోనే, కంది గ్రామము చెంతనున్న ఐ.ఐ.టి. హైదరాబాదునందు ‘పరమ్ సేవ’ యను మహాగణన యంత్రము కలదు. దాని పరమశక్తి 838 టెరాఫ్లాపులు. అనగా సెకండునకు 838 లక్షల కోట్ల లెక్కలు. యంత్రమెంతటి దైనను, చిన్నదైనను, పుట్టిన వేడి బయటికి పోవలసినదే.

ఇక ఆ వేడి పోవు త్రోవను చూతము. సిలికాను పలుకున పుట్టిన వేడి దానిపైనున్న లోహపు మూతకు ప్రాకును. మూతకు పైన చల్లార్చు రాగిపలక యుండును. ఈ రెంటి నడుమ కంటికి కానరాని గుంటలు గాలితో నిండియుండును గనుక, వానిని పూడ్చుటకు ఒక విధమగు పేస్టు పూయుదురు. రాగిపలకలోని సన్నని పొరల నడుమ నీరు ప్రవహించి వేడిని గ్రహించును. చిన్న పంపు ఆ నీటిని గొట్టముల గుండ రేడియేటరునకు త్రోయును. అక్కడ ఫ్యానులు గాలిని వీచి నీటి వేడిని గదిలోనికి వదలును. చల్లబడిన నీరు మరల రాగిపలకకు వచ్చును. నీటినే యేల వాడవలెనన్నచో, సమాన పరిమాణమున గాలికంటె నీరు 3,000 రెట్లకు పైగా వేడిని మోయగలదు. కాని నీరు మోయునదే కాని మ్రింగునది కాదు. మోసినదానిని గాలికి అప్పగింపలేనిచో కొంతసేపటికి నీరే కాగును.

నల్లవాగు కాలువ క్రింద సేద్యము చేయువారికి ఈ త్రోవ సుపరిచితమే. చివరి మడికి నీరందనప్పుడు రైతు ఏమి చేయును? తూము మొదలు కాలువ గట్టు వెంబడి నడచును. ఎక్కడ పైన నీరు నిండి, క్రింద ఎండియుండునో అక్కడనే పూడిక యున్నదని నిశ్చయించును. వేడి విషయమునను ఇదే న్యాయము. ఎక్కడ పైన మిక్కిలి వేడి, క్రింద చల్లన యుండునో అక్కడనే అడ్డు గలదు. నేడు చెప్పబోవు సర్వమునకు ఈ యొక్క మాటయే మూలము.

వైద్యశాస్త్రమున రోగము నెఱుగుటకు నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి అని యైదు సాధనములు చెప్పిరి. వానిలో ఉపశయ మనగా, ఒక మందునో పథ్యమునో ఇచ్చి, దానికి రోగము తగ్గునా హెచ్చునా యని చూచి గూఢమగు వ్యాధిని పట్టుట. మన యంత్రమునకు మొదటి ఉపశయము వేగమును, వోల్టేజిని నిర్మాత విధించిన స్థితికి మరల్చుట. ఇందుకు పైసా వ్యయము లేదు. అట్లు చేయగా వేడి తగ్గి యంత్రము సుఖముగా నడచినచో నీటి త్రోవ చాలమట్టుకు బాగుగనే యున్నది. మోపిన బరువే అధికము. అప్పటికిని వేడి తగ్గనిచో త్రోవలోనే అడ్డున్నదని తెలియవలెను.

మఱియొక జాగ్రత్త. వేడి అంకెను ఒంటిగా చూడరాదు. గది వేడిని దానినుండి తీసివేసి చూడవలెను. ఈ పద్ధతిలో నీరు గది గాలికంటె చల్లన కాజాలదు. పుష్యమాసమున గది 26 డిగ్రీలుండగా ప్రాసెసరు 70 డిగ్రీలున్నచో భేదము 44. వైశాఖమున మన ప్రాంతపు గది 41 డిగ్రీలైనప్పుడు అదే యంత్రము, అదే పనికి 85 డిగ్రీలు చూపును. భేదము అదే 44. యంత్రమునందు క్రొత్త దోషమేమియు లేదు, ఋతువు మాఱినది. భేదము 44 నుండి 60కి పెరిగినప్పుడే దోషమును వెదకవలెను. కావున క్రొత్తగా కొన్ననాడే గది వేడిని, ప్రాసెసరు వేడిని, చేసిన పనిని ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. ఆ కాగితము లేని యింట ప్రతి వేసవియు క్రొత్త రోగముగ తోచును.

ఇప్పుడు రూపములు, అనగా లక్షణములు. ఇవి ముఖ్యముగా మూడు.

మొదటిది: ప్రాసెసరు మిక్కిలి వేడి, నీరు మాత్రము చల్లన, రెండు గొట్టములును చేతికి ఒకే తీరున తగులుచున్నవి. పని మొదలిడిన సెకండుననే అంకె మింటి కెగసి, పని యాపగానే దిగును. ఇట్లున్నచో అడ్డు ప్రాసెసరునకు నీటికి నడుమ నున్నది. పేస్టు ఎండిపోయి యుండవచ్చును, చాలక యుండవచ్చును, పలక ఒక వైపు బిగిసి వేఱొక వైపు ఎత్తుగా నుండవచ్చును. క్రొత్త రాగిపలకకు అంటించి పంపు పలుచని ప్లాస్టిక్కు పొరను తీయక బిగించినవారును కలరు. చికిత్స యేమన, విద్యుత్తును తొలగించి, పలక నూడదీసి, పాత పేస్టును మెత్తని గుడ్డతో తుడిచి, క్రొత్తది కందిగింజంత యుంచి, మరలను ఎదురెదురు మూలలుగా కొంచెము కొంచెము బిగించుట. బండి చక్రము బోల్టులను వరుసగా కాక ఎదురెదురుగా బిగించుట మీరు చూచియే యుందురు. పేస్టు అధికముగా పూసిన చలువ హెచ్చునని తలపరాదు; అది గుంటలను పూడ్చుటకే కాని రాగికంటె వేడిని బాగుగ మోయునది కాదు.

రెండవది: ప్రాసెసరు వేడి ఆగకుండ పెరుగుచు పోవును, ఒక గొట్టము గాని, పలక చుట్టుపట్ల గాని వేడి, రెండవ గొట్టమును రేడియేటరును చల్లన. ఇక్కడ చాలమంది భ్రమపడుదురు. వేడి నీరు పోవు గొట్టము కాలుచు, చల్లని నీరు వచ్చు గొట్టము చల్లన నుండుట మంచి లక్షణమని తలతురు. లెక్క వేసి చూడుడు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు దాదాపు 4,200 జౌళ్లు కావలెను. 150 వాట్ల ప్రాసెసరు నిమిషమునకు 9,000 జౌళ్లనిచ్చును. నిమిషమునకు ఒక లీటరు నీరు తిరుగుచున్నచో పోవు నీటికి వచ్చు నీటికి భేదము కేవలము రెండు డిగ్రీలు. ఇది చేతికి తెలియదు. కాబట్టి ఆరోగ్యమున రెండు గొట్టములును సమానముగ నుండవలెను. భేదము స్పష్టముగా తెలియుచున్నచో ప్రవాహము మందగించినదనియే అర్థము.

ప్రవాహము పూర్తిగా నిలిచినచో పలకలోని పిడికెడు నీరు మాత్రమే వేడిని మోయవలసి వచ్చును. అప్పుడు నిమిషము తిరుగకమునుపే యంత్రము తన్నుతాను ఆర్పివేసికొనును. పంపు తీగ ఊడెనేమో, దానికి తగిన విద్యుత్తు అందుచున్నదో లేదో చూడవలెను. పంపుపై వ్రేలుంచిన సన్నని కంపము తెలియును. అది నాడి వంటిది. గలగల ధ్వని వచ్చినచో లోన గాలి చేరినదని యెఱుగుడు. గాలి ఎప్పుడును పైకి పోవును. కావున పంపు ఆ మార్గమందెల్ల ఎత్తైన చోట నుండరాదు. రేడియేటరు పైభాగము దానికంటె ఎత్తున నుండవలెను. బోరు మోటారు గాలి పట్టినచో నీరెత్తదని మనకు తెలిసినదే కదా.

ప్రవాహము తగ్గుటకు నీటి గుణమును కారణము కావచ్చును. నీరు నింపుకొను తరహా యంత్రమునందు మన బోరు నీటిని పోయరాదు. కాచిన పాత్ర యడుగున పట్టు తెల్లని చట్టు, రాగిపొరల సన్నని సందులలోను పట్టును. నిర్మాత చెప్పిన ద్రవమునే వాడుట ఉత్తమము. ఇన్వర్టరు బ్యాటరీలకు పోయు డిస్టిల్డు వాటరులో తుప్పు పట్టకుండను, పాచి పెరుగకుండను చేయు మందు కలిపి వాడుట మధ్యమము. బ్యాటరీ అంగడిలో ఆమ్లమును అమ్ముదురు గనుక డబ్బాపై పేరు చదివి కొనుడు. ఒకే నీటి మార్గమున రాగిని, అల్యూమినియమును కలుపరాదు. ఆ రెంటి సంయోగమున అల్యూమినియము తినివేయబడి, ఆ మడ్డి సందులను పూడ్చును. నిర్మాతయే నీరు నింపి మూసి పంపు తరహాను మాత్రము విప్పరాదు. దాని పంపు చెడినచో ఆ చల్లార్చు పరికరమును మార్చవలెను, ప్రాసెసరును కాదు.

మూడవది: రెండు గొట్టములును వేడి, నీరును వేడి, మొదట బాగుగ నడచి, అరగంటకో గంటకో క్రమముగా ఉడుకెక్కును. ఇచ్చట నీరు తన పని తాను చేయుచున్నది. గాలియే దానిని విడిపించుట లేదు. పత్తి తీయు దినములలో నూగు, వేసవిలో దుమ్ము రేడియేటరు రేకుల నడుమ దుప్పటివలె పట్టును. ఫ్యాను తిరుగనిదో, తలక్రిందుగా బిగించినదో కావచ్చును. యంత్రమును గోడకు ఆనించియో, మూసిన బీరువాలో నుంచియో, వదలిన వేడిగాలినే మరల పీల్చునట్లు చేసియుండవచ్చును. చికిత్స సులభము. విద్యుత్తును తీసి, ఫ్యాను రెక్కలను కదలకుండ పట్టుకొని, మెత్తని కుంచెతోను, గాలి వచ్చు దిక్కునకు ఎదురుగా ఊదియు దుమ్మును వెడలించి, యంత్రమునకు నాలుగువైపుల జేనెడు చోటు విడువుడు.

ఈ మూడింటిలో వేడి యెక్కు కాలమే గొప్ప గుఱుతు. సెకండులో ఎగసినచో స్పర్శదోషము. నిమిషములో అయినచో ప్రవాహదోషము. అరగంటలో అయినచో వాయుదోషము.

ఇవి మూడును లేకున్నను యంత్రము ఆగుచున్నచో ప్రాసెసరు ప్రక్కవారిని చూడవలెను. ప్రాసెసరునకు విద్యుత్తును సరిచేసి యందించు భాగములు పలకపై దాని చుట్టును గలవు. పాత పద్ధతిలో ప్రాసెసరుపై వీచు ఫ్యాను గాలి వానికిని తగులుచుండెను. నీటి పద్ధతిలో ఆ గాలి లేదు. ప్రాసెసరు చల్లగ నుండగానే ఆ భాగములు కాగి యంత్రము మందగించుట కలదు. వానిపైకి చిన్న ఫ్యాను నొకదానిని త్రిప్పిన చాలును.

తర్కశాస్త్రమున అన్వయ వ్యతిరేకములని రెండు మాటలు కలవు. ఇది యున్నప్పుడు అది యుండుట అన్వయము. ఇది లేనప్పుడు అది లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరినప్పుడే ఇది దానికి కారణమని చెప్పవలెను. పేస్టు మార్చి, దుమ్ము దులిపి, వోల్టేజి తగ్గించి, అన్నియు ఒక్కదినమే చేసినవానికి వేడి తగ్గినను దేనివలన తగ్గినదో తెలియదు. మరల వచ్చినప్పుడు మొదటికే వచ్చును. ఒక్కొక్క మార్పే చేసి, అదే పనిని అరగంట చేయించి, అంకె వ్రాసికొని, పిదప రెండవ మార్పునకు పోవలెను.

కొందఱు త్వరపడి మంచుగడ్డలను నీటిలో వేయుదురు. ఇది కూడదు. వర్షాకాలమున చల్లని నీటి చెంబునకు వెలుపల చెమట పట్టుట చూచుచున్నాము. గాలిలోని తేమయే అట్లు నీటిబొట్లగును. అదే చెమట విద్యుత్పలకపై పట్టినచో యంత్రము కాలిపోవును. గొట్టము నుండి నీరు కాఱుచున్నట్లు కనబడినను మొదట చేయవలసినది ప్లగ్గు నూడబెఱుకుట, తుడుచుట తరువాత.

ఇక మోపిన బరువే అధికమని తేలినచో ఏమి చేయవలెను? వేగమును కొంచెము, వోల్టేజిని మఱికొంచెము తగ్గించుట. వోల్టేజి తగ్గుదల వర్గము చొప్పున మేలు చేయునని మొదటనే చెప్పితిని. పలకకు తానే వోల్టేజిని నిర్ణయించు అధికారమిచ్చినచో అది తఱచుగా అక్కఱకు మించి యిచ్చును. దానిని చేతితో నిర్ణయించుట మంచిది. పట్టణమున స్నేహితుడు ఇన్ని గిగాహెర్ట్జులు సాధించెనని మన పిల్లవాడును పంతము పట్టరాదు. ఒకే ఆవు దూడలు రెండును ఒకే బలము గలవి కానట్లు, ఒకే పేరుతో అమ్మబడు ప్రాసెసరులు రెండును ఒకే యోర్పు గలవి కావు.

మఱియు నేటి ప్రాసెసరులు దాదాపు 95 మొదలు 100 డిగ్రీలకు చేరగానే తమ్ము తాము రక్షించుకొనుటకై వేగమును తగ్గించుకొనును. అందువలన అతిగా పరుగెత్తింపబడిన యంత్రము, నిర్మాత విధించిన వేగమున చల్లగ నడచు యంత్రము కంటె తక్కువ పని చేయుటయు కలదు. అధిక వోల్టేజి వలన ఆయుష్షు తఱుగుట వేఱు నష్టము. పెండ్లి వీడియో రాత్రికి పూర్తికావలెనన్నచో, నడుమ నాలుగుసార్లు ఆగు వేగముకంటె తెల్లవారుదాక ఆగని వేగమే మేలు.

కాబట్టి, “ప్రాసెసరు పోయినది” అన్న మాట వచ్చినప్పుడు సొమ్ము తీయకమునుపు మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ నాలుగు ప్రశ్నలు వేయుడు. నిర్మాత చెప్పిన వేగమునకు మరల్చి చూచితివా? గది వేడిని తీసివేసిన మిగులు ఎంత? గొట్టములు రెండును ఒకే తీరున ఉన్నవా? వేడి యెక్కుటకు సెకండు పట్టినదా, నిమిషమా, అరగంటయా? వీనికి ఉత్తరములు దొరికిన పిదపనే, కొనవలసినది ప్రాసెసరో, పంపో, పేస్టు గొట్టమో, లేక దుమ్ము దులుపు కుంచె మాత్రమేనో నిర్ణయింపుడు.